జపాన్ పెట్టె ఊపిరి

పెళ్లి హాల్లో తేడా తెలియదు. ఈ మాట మొదటే చెప్పేస్తాను. ఇది దాచి నా పాత సింథసైజరు పెట్టె గురించి గొప్పలు పోతే, మా బావ ఎవరిచేతనైనా చదివించుకుని విని నవ్వుతాడు. పాత సింథసైజరు మీద వేళ్లతో నొక్కే ఒక్కో మెట్టు పలుకునీ రికార్డు చేసి, కంప్యూటర్లో దాచి, ఇంకో కీబోర్డు మీద వాయించడాన్ని శాంప్లింగ్ అంటారు. అలా దాచిన పలుకు గాజువాకలో ఒక పెళ్లిలో వినబడుతుంటే, భోజనాల బల్ల దగ్గర పప్పన్నం కలుపుకుంటున్న నేను అది నా పెట్టే అనుకున్నాను. చెయ్యి కడుక్కుని స్టేజీ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ ఒక ప్లాస్టిక్ కీబోర్డూ, ఒక లాప్‌టాపూ ఉన్నాయి. నా పెట్టె ఇంట్లో దుప్పటి కింద ఉంది.

అయినా దాన్ని అమ్మలేదు. అమ్ముతానని మాట ఇచ్చి కూడా అమ్మలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొప్పి పుట్టింది కనక రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. వాటిని ఊరికే కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

మాది విశాఖలో సముద్రం మీద బతికే పేట. నాకేమో పడవెక్కితే వాంతులు. మా నాన్న కొన్నాళ్లు చూసి, ఈడు చేపలకి మేత వెయ్యడానికి తప్ప పనికిరాడని పోర్టులో కలాసీగా చేర్పించాడు. ఓడల్లోంచి బస్తాలు దించడం, తాళ్లు కట్టడం నా పని. సాయంత్రాలు భజన మందిరంలో హార్మోనియం వాయించేవాణ్ణి. మా అప్పని, అంటే అక్కని, చేసుకున్న బావకి ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకీ, వినాయకుడి పందిళ్లకీ వెళ్లేవాళ్లం. తొంభైలలో ఊళ్లో ప్రతి ఆర్కెస్ట్రాకీ ఎలక్ట్రిక్ కీబోర్డు వచ్చేసింది, మాకు మాత్రం నా హార్మోనియమే. వేరే ఊరి వాళ్లు మమ్మల్ని భజన బ్యాచ్ అనేవారు.

అప్పుడు దొరికింది ఈ పెట్టె. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో, ఓడల నుంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్టు ఒకటి ఉండేది. దుప్పట్లు, గోడ గడియారాలు, ఫ్లాస్కులు, ఎవరికీ అర్థం కాని యంత్రాలు. ఆ కొట్లో ఇది గడియారాలు పేర్చుకునే బల్లలా పడి ఉంది. రెండు పక్కలా చెక్క, పైన వరసగా బొత్తాలూ తిప్పే మరలూ, కింద మెట్లు. ఏ మెట్టు నొక్కినా పలకదు. పని చెయ్యదని కొట్టువాడే చెప్పాడు. ధర చెప్పను, మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

పెట్టె బాగానే ఉంది. జపాన్ సరుకు, మన కరెంటు దానికి ఎక్కువ, అంతే. గాజువాకలో మోటార్లకి వైండింగ్ చేసే ఒకాయన దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిచ్చాడు. మా ఇంటి వరండాలో మొదటిసారి ఒక కింది మెట్టు నొక్కితే, రేవు బయట లంగరు వేసిన ఓడ కూతలాంటి పలుకు లేచింది. పోర్టులో రోజూ వినే కూత అది. ఇప్పుడు నా వేలి కింద ఉంది. అప్ప వీధిలో చేపల గంప దించి, లోపలికి వచ్చి నిలబడిపోయింది. మరునాటి నుంచి మమ్మల్ని భజన బ్యాచ్ అన్నవాడు లేడు.

పెట్టె మీద అంతా ఇంగ్లీషు. నాకు తెలుగే రాదు, ఇంక ఇంగ్లీషు ఏం చదువుతాను. ఏ మర తిప్పితే ఏమవుతుందో చెవితో పట్టుకున్నాను. ఆ రోజుల్లోనే మా పేట కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకి సాయంత్రం బడి పెట్టారు. సంతకం కోసం వెళ్లాను, అక్షరాలన్నీ వచ్చేదాకా ఉండిపోయాను. సంతకం తర్వాత నేను నా అవసరానికి రాసుకున్న మొదటి మాటలు ఆ పెట్టె మీదే ఉన్నాయి. దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, పెన్నుతో రాసి మరల పక్కన అంటించాను. పలుకుని మూసే, తెరిచే మరకి 'తలుపు' అని రాశాను. గొంతు వణికించేదానికి 'వణుకు'. ఒక్క మెట్టు నొక్కితే లోపల రెండు గొంతులు ఒకేసారి లేస్తాయి, వాటి మరలకి 'అన్న', 'తమ్ముడు' అని పెట్టాను. వణుకులో ణ కి బదులు న రాశాను మొదట. ఇంకో ప్లాస్టర్ వేసి దిద్దాను.

ఆ అన్నదమ్ముల సంగతి కాస్త చెప్పాలి, మిగతాదంతా దానిమీదే ఉంది. ఇద్దరూ ఒకే శ్రుతిలో ఉండాలి, కాని ఉండరు. పెట్టె వేడెక్కేకొద్దీ ఒకడు వెంట్రుకవాసి ముందుకి పోతాడు, ఒకడు వెనకబడతాడు. వాళ్ల మధ్య ఆ కాస్త పేచీ వల్ల పలుకు లేస్తూ పడుతూ ఉంటుంది, పడుకున్న మనిషి గుండె మీద దుప్పటిలాగ. ఒకసారి లేచినట్టు మళ్లీ లేవదు. మా ఎండకీ, ఉప్పు గాలికీ ఆ పేచీ ఎక్కువ. హార్మోనియం మరమ్మతు చేసే ఒకాయన విని, శ్రుతి తప్పిందన్నాడు. తప్పలేదు, ఊపిరి తీస్తోందన్నాను.

ఆ ఊపిరి అవసరం ఎక్కడో చెప్తాను. మా పేటలో గంగమ్మ పండగకి అప్ప అమ్మవారి ఘటం తల మీద ఎత్తుతుంది. ఊరేగింపులో ఘటం ప్రతి ఇంటి ముందూ ఆగాలి. ఆ ఇంటి ఆడమనిషి బిందెతో పసుపునీళ్లు తెచ్చి, ఘటం ఎత్తినామె కాళ్లమీద పోసి, అమ్మవారికి చెప్పుకోవలసింది చెప్పుకుంటుంది. ఆమె తల ఎత్తేదాకా ఘటం కదలకూడదు. డప్పులు ఆగిపోతాయి. ఒక్క శ్రుతి మాత్రం నిలబడి ఉండాలి. అప్ప దాన్ని పట్టుకుని అమ్మవారిని పిలిచే పాట, పిలుపు అంటాం, సన్నగా అందుకుంటుంది, కళ్లు మూసుకుని ఊగుతుంది. పలుకు లేస్తే ఒక కాలు, పడితే ఒక కాలు. కొందరు బిందె కుమ్మరించి తప్పుకుంటారు. కొందరికి చెప్పుకోవలసింది చాలా ఉంటుంది. పడవ తిరిగిరాని ఇంటి ముందు ఎంతసేపైనా ఎవరూ తొందరపెట్టరు.

పాత రోజుల్లో ఆ శ్రుతి నిలబెట్టింది ఒక ముసలాయన తిత్తి. మేకతోలు సంచిలో గాలి నింపి, చంక కింద నొక్కుతూ పలికించేవాడు. ఆయన పోయాక ఆ పని చెయ్యడానికి ఎవరూ లేకపోతే, జనరేటరు బండి మీద నా పెట్టె ఎక్కించి నేను నిలబెట్టాను. పండగ పెద్దలు మొదట ఒప్పుకోలేదు, జపాన్ పెట్టె అమ్మవారి ముందా అన్నారు. అప్ప ఒక ఇంటి ముందు దాని పలుకు మీద ఊగి చూపించాక ఇంక మాట్లాడలేదు. జపాన్ నుంచి వచ్చినా పలికేది మా పేటలోనే కదా. అప్పటి నుంచి ఏటా అదే. పెళ్లిలో వందమందిని మెప్పించినదాని కంటే, అప్ప కళ్లు మూసుకుని నా పలుకు మీద కాలు వెయ్యడమే నాకు గొప్ప. ఇప్పటికీ అంతే.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక పెట్టె ముసలిదైంది. మెట్ల కింద ఉప్పు పట్టేది. బడిలో ఇచ్చిన పెన్సిల్ రబ్బరుతోనే గీకి బాగు చేసేవాణ్ణి. మధురవాడలో ఒకాయన మాతో పెళ్లిళ్లకి వాయించేవాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు తన ఫ్లాట్‌లోనే చిన్న స్టూడియో. నన్ను మాస్టారూ అనేవాడు. సంతకం రాని రోజులు దాటి వచ్చినవాణ్ణి, ఆ పిలుపు నాకు బాగుండేది.

ఒకరోజు ఆయనే కదిపాడు. పెట్టె లోపలి చిప్పులు ఇప్పుడు దొరకవు, ఒక గొంతు పోతే మొత్తం పోయినట్టే అన్నాడు. బతికి ఉండగానే శాంప్లింగ్ చేసేద్దాం, పలుకు శాశ్వతంగా ఉంటుంది, మద్రాసులో ఇలాంటి పాత పెట్టెలు పోగుచేసుకునే ఒకాయన ఉన్నాడు, బాగా చూసుకుంటాడు, ఆయనకి అమ్మెయ్యండి అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. మా బావకి ఈ మాట చెవిలో పడగానే పండగైంది. పెట్టె బరువు. ఆటోలో పడుకోబెడితే మనుషులకి చోటుండదు, బస్సులో ఎక్కించరు. ఎక్కించడం దించడం ఎప్పుడూ బావ పనే.

"పలుకు మన కాడే ఉంటాది, బరువు మెడ్రాస్ ఎల్లిపోతాది. ఇంతకన్నా ఏటి కావాలి బావా?" అన్నాడు.

నాకు ఇష్టం లేదు. కాని కాదనడానికి కారణం దొరకలేదు. ఒప్పుకున్నాను.

ఇక్కడ మేం ఒక తెలివితక్కువ పని చేశాం. పెట్టెని మధురవాడ తీసుకెళ్లడానికి ముందు, పెళ్లిచూపులకి పిల్లని తయారు చేసినట్టు తయారు చేశాం. మెట్లన్నీ తుడిచాను. చెక్కకి నూనె రాశాను. స్టూడియోలో ఏసీ. చల్లటి గదిలో పెట్టె హాయిగా ఉంది. ఆయన దగ్గరున్న శ్రుతి మీటర్ పెట్టి అన్ననీ తమ్ముణ్ణీ ఒకే గీత మీదకి తెచ్చాం. ఇద్దరూ పేచీ లేకుండా బుద్ధిగా నిలబడ్డారు. నాకు ఆ రోజు అది గొప్పగా అనిపించింది. కంప్యూటర్ తెర మీద నా పెట్టె పలుకు పచ్చగా గీతలు గీస్తుంటే, తప్పేం కనబడకూడదని చూసుకున్నాను. ఒక్కో మెట్టూ కాసేపు నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుందన్నాడు.

మొదట్లో చెప్పిన గాజువాక పెళ్లి ఆ తర్వాతే, వాయించింది మధురవాడ ఆయన. పాటలో పలుకు వస్తుంది, పోతుంది. డోలకు ఉంటుంది, గాయని ఉంటుంది, వంటవాళ్ల గోల ఉంటుంది. అక్కడ నా పెట్టెకీ ఆ లాప్‌టాప్‌కీ తేడా లేదు. పైగా అది వానకి తడవదు, దారిలో అలగదు. బావ స్టేజీ దిగి నా పక్కన నిలబడి, ఇంకేటి మరి అన్నట్టు చూశాడు. అప్పుడు నేను మాట ఇచ్చాను. ఈ ఏడు పండగలో అప్ప ఆ లాప్‌టాప్ పలుకు మీద ఘటం నడిపిస్తే, పెట్టె మద్రాసాయనకి ఇచ్చేద్దాం అన్నాను. బావ సరే అన్నాడు. మద్రాసాయనకి ఫోనులో కూడా అదే చెప్పాం.

పండగ నాడు పెట్టెని ఇంట్లో ఉంచి, బండి మీద ప్లాస్టిక్ కీబోర్డు పెట్టాం. మొదటి వీధి బాగానే జరిగింది. చిన్న వయసు కోడళ్లు, గబగబా పోసి పక్కకి తప్పుకున్నారు. తర్వాత వీధిలో, ఆ ఏడాది పడవ రాని ఇల్లు వచ్చింది. ఆ ఇంటి పెద్దామె బిందె పట్టుకుని వచ్చి, నీళ్లు పోసి, అప్ప కాళ్ల దగ్గరే కూర్చుండిపోయింది. డప్పులు ఆగాయి. నేను మెట్టు నొక్కి పట్టుకున్నాను. అప్ప ఊగడం మొదలుపెట్టింది.

కాసేపటికి నా చెవికి తెలిసింది. పలుకు లేచిన చోటే మళ్లీ లేస్తోంది, పడిన చోటే మళ్లీ పడుతోంది. గోడ గడియారం లోలకంలాగ. కొంతసేపు రికార్డు చేసిన ముక్కనే కంప్యూటర్ గుండ్రంగా తిప్పుతోంది. అప్ప కాలు ఒకటి తడబడింది. ఘటం పక్కకి ఒరిగితే చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడలేదు. కాని కళ్లు తెరిచింది. ఘటం ఎత్తాక ఇంటి ముందు అప్ప కళ్లు తెరవడం నేను చూడలేదెప్పుడూ. ఆ తర్వాత ఇళ్లన్నీ కళ్లు తెరుచుకునే నడిచింది.

ఘటం గుడి దగ్గర దించాక నన్ను పిలిచింది. అందరి ముందూ అనకుండా పక్కకి తీసుకెళ్లి అంది.

"తమ్ముడా, అది ఊపిరి తియ్యట్లేదురా. గానుగెద్దులాగ తిరిగిన సోటే తిరుగుతంది. కాలెక్కడెయ్యాలో నాకు తెల్లేదు. ఆ తల్లి అంత దుక్కంలో కూసుంటే, నాను పడతానేమోనని సూసుకుంతన్నాను."

నాకు లోపల సంతోషంగానే ఉంది, దాచడం ఎందుకు. మాట ప్రకారం పెట్టె ఉండిపోవచ్చు.

కాని మధురవాడ ఆయన నిజాయితీగా మాట్లాడాడు. ఏసీలో చల్లగా ఉన్నప్పుడు, శ్రుతి సరిచేసి, చిన్న చిన్న ముక్కలు తీసుకున్నామని, అది పెట్టె తప్పూ కాదు శాంప్లింగ్ తప్పూ కాదని, మనం తీసినదే తప్పని అన్నాడు. ఇంకొక్కసారి చూద్దాం మాస్టారూ అన్నాడు. కాదంటే నేను పెట్టె కోసం పేచీ పెడుతున్నవాణ్ణి అవుతాను. ఈసారి అప్పకి తేడా తెలియకపోతే పెట్టె ఇచ్చేస్తానని, సరే రమ్మన్నాను.

ఈసారి ఆయనే మా పేటకి వచ్చాడు. మా వరండాలో, తాటాకు చూరు కింద, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టె వేడెక్కనిచ్చాం. మీటరు పక్కన పెట్టేశాం. అన్నదమ్ములని వాళ్ల ఇష్టానికి వదిలేశాం. పండగలో నిలబెట్టే ఆ ఒక్క మెట్టే నొక్కి, నా వేలు తిమ్మిరెక్కేదాకా పట్టుకున్నాను. వీధిలో ఎవరూ అరవకుండా బావ కాపలా కాశాడు. ఒక కోడిని కూడా తరిమాడు.

తర్వాత వారం పరీక్ష. అప్ప పెరట్లో మాకు వీపు తిప్పి కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. మేం ఒకసారి పెట్టె, ఒకసారి లాప్‌టాప్, చెప్పకుండా మార్చి మార్చి నిలబెట్టాం. చాలాసేపు విని, తిరక్కుండానే అంది.

"ఏది ఏదో నాకు తెల్దు. రెండూ మన పెట్టే."

నేను ఓడిపోయాను. అంత బాగా తీశాడు ఆయన. బావ జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, మద్రాసోడికి చెప్పేద్దామా అన్నాడు. గొంతులో వెటకారం లేదు. నేను తలూపాను. మాట మాటే. పెట్టె మీద ప్లాస్టర్ ముక్కలు చూస్తూ, వీటిని పీకి ఇవ్వాలా, ఉంచి ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు అప్ప చేతులు కడుక్కుని మా వైపు తిరిగింది. వచ్చే ఏడు పిలుపు తనకి ఈ ఎత్తులో అందదని చెప్పింది. గొంతు ఏడాదికేడాది దిగిపోతోందట, ఈ ఏడే చివరి ఇళ్ల దగ్గర జీర వచ్చిందట. కొంచెం కిందకి దించి చూపించండని అడిగింది.

మధురవాడ ఆయన లాప్‌టాప్‌లో శ్రుతి కిందకి జరిపాడు. పలుకు దిగింది. దానితోపాటు ఊపిరి కూడా నెమ్మదించింది, జ్వరం మనిషి నడకలా ఈడ్చుకుంటూ వచ్చింది. అప్ప నోరు తెరిచి, అందుకోలేక మూసేసింది. ఆయన ఏవేవో నొక్కి చూశాడు. ఊపిరి సరిచేస్తే పలుకు రేకు డబ్బాలా అయింది.

నేను పెట్టె ముందు కూర్చున్నాను. కింది మెట్టు నొక్కి, తమ్ముణ్ణి ఇంకాస్త దించాను. తలుపు సగం మూసి, మళ్లీ కొంచెం తెరిచాను. ఏం చేస్తున్నానో నాకు ముందుగా తెలియదు, అప్ప మొహం చూస్తూ తిప్పాను. ఒకచోట పలుకు గరుకుగా, తోలు వాసన వచ్చేలాంటి గొంతుగా మారింది. అన్నేళ్లలో ఆ పెట్టె ఆ గొంతు ఎప్పుడూ పలకలేదు. అప్ప ఒక్క క్షణం నన్ను చూసింది.

"తిత్తిరా ఇది," అంది. "ముసలాయన తిత్తి."

కళ్లు మూసుకుని పిలుపు అందుకుంది. ఆ దిగిన గొంతుతోనే, జీర లేకుండా. ఎండుచేపల చాట పక్కన నిలబడి ఊగింది.

పాట అయ్యాక మధురవాడ ఆయన లాప్‌టాప్ మూత వేశాడు. "ఇందులో మనం ఆ రోజు పెట్టిన గొంతులే ఉన్నాయి మాస్టారూ. పెట్టని గొంతు ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నాడు. దీన్నీ రికార్డు చేసుకోవచ్చని, వచ్చే ఏడాదికి ఇబ్బంది ఉండదని కూడా అన్నాడు.

"ఆ పై ఏడు గొంతు ఇంకా దిగితే?" అని బావ అడిగాడు.

మళ్లీ వచ్చి రికార్డు చేస్తానన్నాడు ఆయన.

బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏటేటా నువ్వొచ్చి పలుకు తీసుకోవాలంటే పెట్టె ఈడే ఉండాలి కదేటి. మెడ్రాసులో ఉంటే ఏటి లాభం? నా నడుం సంగతి ఎవులికీ అక్కర్నేదు, అదీ మాట," అన్నాడు. అని, పెట్టెకి ఆ చివర పట్టుకోమని నాకు సైగ చేశాడు. ఇద్దరం లోపలికి మోశాం.

మద్రాసాయనకి నేనే ఫోన్ చేసి, మాట తప్పుతున్నానని చెప్పాను. కారణం కూడా చెప్పాను. ఆయన అప్ప పాడినప్పుడు ఒకసారి ఫోనులో వినిపించమన్నాడు. వినిపించాను.

శాంప్లింగ్ వద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ వరండాలో తీసిన పలుకు మధురవాడ ఆయన స్నేహితుల చేతుల్లోకి వెళ్లింది, వాళ్ల చేతుల్లోంచి ఇంకెక్కడికో వెళ్లింది. ఒకరోజు గాజువాకలో షేర్ ఆటోలో కూర్చుంటే ఏదో బట్టల కొట్టు ప్రకటనలో నా అన్నదమ్ములు పలికారు. మా ఎండలో, మా పేచీతో. పక్కాయనతో ఇది మా పెట్టే అన్నాను. ఆయన సర్దుకుని కూర్చున్నాడు, పెట్టె పెట్టడానికి చోటు అడుగుతున్నాననుకున్నట్టున్నాడు. పెళ్లిళ్లకి ఇప్పుడు లాప్‌టాపే వెళ్తుంది. పెట్టె ఏడాదికి ఒక్కసారి గడప దాటుతుంది, పండగకి.

ఏటా పండగకి ముందు అప్ప వచ్చి వరండాలో కూర్చుంటుంది. ఆమె పాడుతుంటే నేను మర తిప్పుతూ తమ్ముణ్ణి వెతుకుతాను. దొరికిన చోట చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి 'అప్ప' అని రాస్తాను. పాతవి తియ్యను. ఆ మర పక్కన అవి ఒకదాని కింద ఒకటి దిగుతూ ఉన్నాయి. పై వాటిలో నా ప ఒత్తు వంకరగా ఉంటుంది. కింది వాటిలో బాగా కుదిరింది. అన్నిటికన్నా కింద, మర ఇంకా తిరగడానికి చాలా చోటు ఉంది.